ఒకే నారు, రెండు మిద్దెలు: ఎర్రనల్లి ఒకచోటే ఎందుకు చెలరేగింది?

ప్రశ్న: మేము మల్కాజిగిరిలో ఉంటాము, మా తోడికోడలు కూకట్‌పల్లిలో ఉంటారు. జనవరిలో ఇద్దరం ఒకే నర్సరీ నుంచి, ఒకే ట్రేలోని టమాటా నారు తెచ్చుకుని, ఒకే రకం మట్టి మిశ్రమం నింపిన కుండీల్లో నాటాము. ఏప్రిల్ వచ్చేసరికి మా మొక్కల ఆకుల మీద తెల్లటి చుక్కలు పడ్డాయి, అడుగున బూజు అల్లుకుంది, చివరికి ఆకులన్నీ ఎండి రాలిపోయాయి. ఆవిడ మొక్కల మీద కూడా ఎర్రనల్లి ఉందట, అయినా చెట్లు తట్టుకుని కాపునిస్తూనే ఉన్నాయి. మొక్కకు తనను తాను కాపాడుకునే శక్తి ఉంటుందని మీ శీర్షికలోనే చదివాను. ఆ శక్తి ఆవిడ మొక్కలకు ఉండి మా మొక్కలకు లేకపోవడం ఏమిటి? లోపం మట్టిలో ఉందా, మేము పోసే నీళ్లలో ఉందా?
– ఒక పాఠకురాలు, మల్కాజిగిరి

జవాబు: మట్టికీ నీటికీ ఇందులో పాత్ర లేదని అనను. దుమ్ము పేరుకున్న ఆకులు, నీటి ఎద్దడి, సిమెంటు పైకప్పు నుంచి వచ్చే వేడి ఎర్రనల్లికి అనుకూలించేవే కనుక వాటిని మీరు సరిచూసుకోవలసిందే. అయితే మీరు తేడా కోసం వెతికిన చోట్లన్నీ మొక్క చుట్టూనే ఉన్నాయి. రెండు మిద్దెల మీదా ఉన్న నల్లి ఒక్కటేనని విచారణకు ముందే ఒప్పేసుకున్నారు. నా అనుమానం అక్కడే. నల్లి జాతి ఒకటే అయినా అందులో వంశాలు వేరు కావచ్చు, ఆ వంశాలు మొక్క రక్షణ వ్యవస్థతో వ్యవహరించే తీరు ఒకదానికొకటి పొంతన లేనంతగా మారిపోవచ్చు.

ముందుగా ఆ ప్రాణిని దగ్గరగా చూడండి. పది రెట్లు పెంచి చూపే చిన్న భూతద్దంతో ఆకు వెనుక, మధ్య ఈనె పక్కన వెతికితే అర మిల్లీమీటరు పొడవున్న ఆడ నల్లి కనిపిస్తుంది. కాళ్లు ఎనిమిది, కనుక అది పురుగు కాదు, సాలీడుకు చుట్టం. వీపు మీద రెండు పక్కలా ముదురు మచ్చలు ఉంటాయి; అవి పైపై రంగులు కావు, పలచటి చర్మం గుండా కనిపించే లోపలి ఆహారం. చుట్టూ ఉన్న దారాల మధ్య గుండ్రంగా, పారదర్శకంగా మెరిసేవి గుడ్లు. ఈ నల్లి తన సూది నోటిని ఆకు కణాల్లోకి దించి పచ్చని సారమంతా పీల్చేస్తుంది. ఆకు పైభాగాన మీరు చూసిన తెల్లటి చుక్కలు అలా ఖాళీ అయిన కణాల గుంపులే. మన ప్రాంతపు కూరగాయల మీద ఈ కుటుంబానికి చెందిన నల్లులు మరికొన్ని కూడా కనిపిస్తాయి కానీ, ప్రపంచమంతటా ఎక్కువ పరిశోధన జరిగింది టెట్రానైకస్ ఉర్టికే అనే రెండు మచ్చల నల్లి మీద కాబట్టి ఈ జవాబంతా దాని గురించే అనుకోండి. దానికి ఆహారమయ్యే మొక్కలుగా ఇంతవరకు 1,100కు పైగా జాతులు నమోదయ్యాయి.

ఇక మొక్క సంగతి. నల్లి నోరు దిగిన చోట టమాటా ఆకులో జాస్మోనిక్ ఆమ్లం అనే హార్మోను పెరుగుతుంది, దానితో పాటు సాలిసిలిక్ ఆమ్లం కూడా పెరుగుతుంది. వీటి సంకేతంతో అప్పటివరకు పని లేకుండా ఉన్న జన్యువులు పనిచేయడం మొదలుపెడతాయి. అలా తయారయ్యే పదార్థాల్లో తిన్నదాన్ని అరిగించుకోవలసిన ఎంజైములకు అడ్డుపడే ప్రొటీన్లు ముఖ్యమైనవి. అటువంటి ఆకు తిన్న నల్లి వెంటనే చచ్చిపోదు కానీ, దానికి తిండి వంటబట్టదు, గుడ్లు తగ్గుతాయి. వారాలు గడిచేకొద్దీ ఆ తగ్గిన గుడ్ల లెక్కే మొక్క బతుకుతుందా లేదా అన్నది తేలుస్తుంది. జన్యువులో మార్పు వచ్చి, జాస్మోనిక్ ఆమ్లం తయారు చేసుకోలేని ఒక ఉత్పరివర్తిత టమాటా మొక్క పరిశోధనశాలల్లో ఉంది. మామూలు నల్లిని దాని మీద వదిలితే మామూలు టమాటా మీద కంటే ఎక్కువ గుడ్లు పెడుతుంది. మొక్క రక్షణ ఎంత విలువైనదో ఆ ఒక్క తేడాలోనే తెలిసిపోతుంది.

ఇంతవరకు కథ మొక్క వైపు నుంచి చెప్పుకున్నాం. నల్లి వైపు నుంచి చెప్పే కథ 2008లో ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు రాయల్ సొసైటీ పత్రికలో ప్రచురించిన పరిశోధనతో స్పష్టమైంది. ఈ రెండు మచ్చల నల్లిలోనే మూడు వంశాలను విడివిడిగా పెంచి, వాటిని టమాటా మీద వదిలి, ఆకుల్లో జాస్మోనిక్ ఆమ్లపు రక్షణ ఎంత మేల్కొన్నదో, ఆ రక్షణ వల్ల ఏ నల్లి ఎంత నష్టపోయిందో వారు పరిశీలించారు. మొదటి వంశం మొక్క రక్షణను మేల్కొలిపి, దాని దెబ్బ తానే తిన్నది. రెండవ వంశం కూడా అదే రక్షణను మేల్కొలిపింది కానీ దాన్ని లెక్కచేయలేదు, ఆ ఆకు తింటూనే వృద్ధి చెందింది. మూడవది అన్నిటికంటే విచిత్రమైనది. ఆ రక్షణను తట్టుకునే బలం దానికి లేదు, మేల్కొన్న రక్షణ ఎదురైతే మొదటి వంశంలాగే అదీ దెబ్బతింటుంది. అందుకని అది రక్షణను మేల్కొననివ్వకుండా అణచివేసింది. మూడూ ఒకే జాతి, భూతద్దంలో ఒకేలా ఉంటాయి, ఆకు మీద అవే తెల్లటి చుక్కలు పెడతాయి.

దీన్నిబట్టి ఒక మొక్కకు నల్లిని తట్టుకునే శక్తి ఉందా లేదా అనే ప్రశ్నకు ఆ మొక్కను మాత్రమే చూసి జవాబు చెప్పడం సాధ్యం కాదు. దాని మీదికి వచ్చిన నల్లి ఏ వంశానిది అని కూడా అడగాలి. మీ తోడికోడలు గారి మొక్కల మీదికి మొదటి వంశం లాంటిది వచ్చి, మీ మొక్కల మీదికి రెండవదో మూడవదో వచ్చి ఉంటే, ఒకే ట్రేలోని నారు రెండు చోట్ల రెండు విధాలుగా కనిపించడంలో వింత ఏమీ లేదు.

అంత దగ్గరి ఊళ్లలో, మాటకొస్తే ఒకే నగరంలో, నల్లి వంశాలు వేరెలా అవుతాయని మీకు అనుమానం రావచ్చు. ఈ నల్లికి రెక్కలు లేవు. నడిచి వెళ్తుంది, దారం పట్టుకుని గాలిలో తేలిపోతుంది, మన బట్టలకు అంటుకుని వస్తుంది, అన్నిటికంటే ఎక్కువగా నర్సరీ మొక్కల మీద వస్తుంది. ఒక మిద్దెకు చేరేది ఒకటి రెండు ఆడ నల్లులే కావచ్చు. అవి చాలు. జత కట్టని ఆడ నల్లి పెట్టిన గుడ్ల నుంచి మగ పిల్లలు మాత్రమే పుడతాయి, తల్లి తరువాత ఆ మగవాటితోనే జతకట్టి ఆడ పిల్లలను కనగలదు. కాబట్టి వేలకొద్దీ నల్లులున్న మీ మిద్దె మొత్తం ఒకే తల్లి సంతానం అయ్యే అవకాశం ఉంది, ఆ తల్లి ఎలాంటిదైతే మీ తోట అనుభవం అలాంటిది అవుతుంది. కడియం నర్సరీల నుంచి వచ్చిన గులాబీ కుండీ ఒకరింట్లో, శివార్లలోని పాలీహౌస్ నుంచి వచ్చిన జెర్బెరా మరొకరింట్లో ఉన్నాయనుకోండి, ఆ రెండింటితో పాటు వచ్చిన నల్లులు చూసిన మొక్కలు వేరు, తిన్న మందులు వేరు. ఈ ఏడాది మీరు నారుతో పాటు ఇంకే మొక్క కొన్నారో గుర్తు చేసుకోండి, మట్టిని అనుమానించే ముందు దాన్ని అనుమానించండి.

పరీక్ష కోసం మీ మిద్దె మీది నల్లిని ఆవిడ మొక్కల మీద వదిలి చూడమని మాత్రం నేను చెప్పను. శాస్త్రానికి అది మేలే కానీ, తోడికోడళ్ల మధ్య మాట రావడానికి ఈ శీర్షిక కారణం కాకూడదు.

ప్రశ్న: డిగ్రీ మూడవ సంవత్సరం వృక్షశాస్త్రం చదువుతున్నాను. మొక్క రక్షణను అణచివేసే నల్లులు ఉన్నాయని తరగతిలో విన్నాను. అంత గొప్ప ఉపాయం దొరికిన వంశం, దాని పోటీదారులందరినీ ఓడించి లోకమంతా నిండిపోవాలి కదా? మిగతా వంశాలు ఇంకా ఎందుకు మిగిలి ఉన్నాయి?
– ఒక విద్యార్థి, ఉప్పల్

జవాబు: అణచివేత వల్ల లాభం అణచినవాడికే దక్కుతుందని మీ ప్రశ్నలో ఒక ఊహ దాగి ఉంది. ఆకు అందరిది. ఒక నల్లి తన లాలాజలంతో ఆకును లొంగదీస్తే, ఆ మెత్తబడిన ఆకును పక్కనున్న ఏ నల్లి అయినా తినవచ్చు. మన కాలనీల్లో ఒకరు డబ్బు పెట్టి తవ్వించిన బోరు దగ్గరికి వీధివీధంతా బిందెలు పట్టుకుని వచ్చినట్టే ఇదీ.

దీనికి మంచి ఉదాహరణ మరో జాతిలో ఉంది. టెట్రానైకస్ ఎవాన్సి అనే ఎర్ర నల్లి దక్షిణ అమెరికాది, అక్కడి నుంచి ఆఫ్రికాకూ ఐరోపాకూ పాకి టమాటా పంటకు పెద్ద బెడద అయింది. బ్రెజిల్, నెదర్లాండ్స్ పరిశోధకులు 2011లో చూపిన దాని ప్రకారం, ఈ నల్లి తిన్న టమాటా ఆకులో జీర్ణక్రియను అడ్డుకునే ప్రొటీన్ల చురుకు నల్లి తాకని ఆకులో ఉండేదానికంటే కూడా తక్కువకు పడిపోతుంది. అంటే అది రక్షణను పెరగకుండా ఆపడమే కాదు, ఉన్న మట్టాన్ని కూడా దించేస్తుంది. అలాంటి ఆకు మీద వదిలిన రెండు మచ్చల నల్లి కూడా మామూలు కంటే బాగా గుడ్లు పెడుతుంది. కష్టం ఒకరిది, ఫలితం పోటీదారుది. మరి ఎవాన్సి ఏం చేస్తుంది? ఆకు మీద దట్టంగా దారాలు అల్లి, ఆ అల్లికతో పోటీదారులను లోపలికి రానివ్వదు. ఆ అల్లికకు అయ్యే ఖర్చు కూడా అణచివేత ఖాతాలోనే రాయాలి.

లాలాజలంలో ఏముందన్నది తరువాత తేలింది. రెండు జాతుల లాలాజలంలోనూ ఉన్న కొన్ని ప్రొటీన్లు, పొగాకు కుటుంబానికి చెందిన ఒక ప్రయోగశాల మొక్కలో సాలిసిలిక్ ఆమ్లపు రక్షణను అణచగలవని 2016లో ప్రచురించారు. అయితే అదే లాలాజలంలో మొక్కను అప్రమత్తం చేసే ప్రొటీన్లు కూడా ఉన్నాయి; చిక్కుడు ఆకుల్లో రక్షణను రేపే అటువంటి రెండింటిని జపాన్ పరిశోధకులు 2019లో గుర్తించారు. అంటే ఒక వంశం మేల్కొలిపేది అవుతుందా, అణచేది అవుతుందా అన్నది ఏదో ఒక్క జన్యువు ఉండటం, లేకపోవడం మీద ఆధారపడ్డ సంగతిలా కనిపించదు. ఒకే ఉమ్మిలో రెండు రకాల సందేశాలు ఉండి, వాటి పాళ్లు మారుతున్నాయని అనుకోవడం నాకు ఎక్కువ సబబుగా తోస్తుంది.

రెండవ కారణం, మొక్కలన్నీ ఒక్కటి కావు. టమాటాలో పనిచేసిన లాలాజలం చిక్కుడులోనో గులాబీలోనో పనిచేయాలని నియమం లేదు. వెయ్యికి పైగా జాతుల మీద బతికే ప్రాణికి ఒక చోట అణచడం కలిసివస్తే మరో చోట తట్టుకోవడం కలిసివస్తుంది, ఇంకో చోట ఆ రెండూ అనవసరమైన ఖర్చు అవుతాయి. 2008 నాటి పరిశోధకులు కూడా, రకరకాల మొక్కల మధ్య బతికే శాకాహార ప్రాణుల్లో ఇటువంటి వైవిధ్యం సర్వసాధారణమై ఉంటుందని ఊహించారు. మూడవ కారణం మీరే ఆలోచించి ఉంటారు: పూర్తిగా లొంగిన మొక్క మీద సంతతి విపరీతంగా పెరిగి, మొక్క త్వరగా చచ్చిపోతే, మిగిలేది రెక్కలు లేని వేల నల్లులు, తినడానికి ఎండిన ఆకులు.

పరీక్షలో ఈ అంశం మీద ప్రశ్న వస్తే, ఈ నల్లి మగవాటిలో క్రోమోజోముల జత ఉండదని, ఒక్కొక్కటే ఉంటుందని రాయడం మరచిపోకండి. ఏ జన్యు మార్పూ మగ నల్లిలో దాగి ఉండడానికి వీలులేదు; మంచిదైనా చెడ్డదైనా వెంటనే బయటపడి ప్రకృతి ఎంపికకు గురవుతుంది. ఈ నల్లి అంత వేగంగా మారిపోవడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి. దీని జన్యుపటం 2011లో నేచర్ పత్రికలో వచ్చింది, పొడవు సుమారు 9 కోట్ల డీఎన్‌ఏ అక్షరాలు, అప్పటివరకు చదివిన కీళ్లకాళ్ల జీవుల జన్యుపటాలన్నిటిలోకీ చిన్నది. అందులో శిలీంధ్రాల నుంచి, బాక్టీరియా నుంచి వచ్చి చేరిన జన్యువులు ఉన్నాయి. బాక్టీరియా నుంచి వచ్చినదొకటి, కొన్ని మొక్కలు విడుదల చేసే సయనైడ్‌ను నిర్వీర్యం చేసే ఎంజైమును తయారు చేస్తుందని 2014లో తేలింది. చిన్న పుస్తకంలో అరువు తెచ్చుకున్న పేజీలు ఎన్ని ఉన్నాయో చూస్తే ముచ్చటేస్తుంది.

ప్రశ్న: మొయినాబాద్ దగ్గర అరెకరంలో టమాటా, వంగ వేస్తాను. తెల్లదోమకు దుకాణంలో ఇచ్చిన మందు కొట్టాక దోమ తగ్గింది కానీ నల్లి పెరిగింది. నల్లికి ఇచ్చిన మందు మొదట బాగా పనిచేసి, ఇప్పుడు పనిచేయడం లేదు. కల్తీ మందా?
– ఒక రైతు, మొయినాబాద్ మండలం

జవాబు: కల్తీ అయి ఉండవచ్చు, కాకపోయినా ఇలా జరుగుతుంది. సింథటిక్ పైరిత్రాయిడ్ వర్గపు దోమ మందులు నల్లి కంటే ముందు నల్లిని తినే పరభక్షక నల్లులనూ చిన్న నల్లటి పెంకు పురుగులనూ చంపుతాయి. ఇమిడాక్లోప్రిడ్ వంటి మరో వర్గపు దోమ మందులకు నల్లి చావదు, పైగా కొన్ని ప్రయోగాల్లో ఆ మందు తగిలిన నల్లి ఎక్కువ గుడ్లు పెట్టింది. కనుక దోమ మందు తరువాత నల్లి చెలరేగడం మీ ఒక్కరి అనుభవం కాదు.

నల్లి మందు పని తప్పడానికి, పైన చెప్పుకున్న మొక్క రక్షణకు ఒక సంబంధం ఉంది. చిక్కుడు మీద పెంచిన, మందులకు తేలిగ్గా లొంగే నల్లులను టమాటా మీదికి మార్చి తరతరాలుగా పెంచినప్పుడు, ఐదు తరాలకే వాటి జన్యువుల్లో సుమారు 7.5 శాతం పని చేసే తీరు మారిపోయిందని 2013లో ఒక అంతర్జాతీయ బృందం ప్రకటించింది. ఆ మార్పులు అనేక మందులను తట్టుకునే నల్లుల్లో ఉండే తీరును పోలి ఉన్నాయి. ఒక్క మందూ తగలకుండానే, టమాటాకు అలవాటుపడటంతోనే ఆ నల్లులు కొన్ని మందులకు తక్కువగా లొంగాయి. మొక్క విషాన్ని విరిచే పనిముట్లే మందును విరవడానికీ అక్కరకు వస్తాయన్నమాట. మన మార్చి, ఏప్రిల్ వేడిలో ఒక తరానికి పది రోజులు కూడా పట్టకపోవచ్చు, కాబట్టి ఐదు తరాలంటే మీ టమాటా పంట కాలంలో సగం కూడా కాదు.

చేయవలసినవి చెబుతాను. వారానికోసారి, ఆకును తెల్ల కాగితం మీద తట్టి చూడండి. కదిలే చుక్కలు కనిపిస్తే ఆ మొక్కతోనే పని మొదలుపెట్టండి, మడి మొత్తం మీద మందు కొట్టవద్దు. ఎక్కువ పట్టిన ఆకులు తుంచి సంచిలో కట్టి పారేయండి. నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాముల చొప్పున, ఆకు అడుగు తడిసేటట్టు, చల్లటి పూట మాత్రమే పిచికారీ చేయండి. ఎండ ముదిరాక చల్లితే ఆకులు మాడతాయి, తీగజాతి కూరగాయలకు అసలు వద్దు. గంధకం, వేపనూనెలలో ఒకటి వాడిన రెండు వారాల్లోపు రెండవది చల్లకండి. నల్లి మందు తప్పనిసరి అయితే ఒకే వర్గం (ఒకే విధంగా పనిచేసే) మందును వెంటవెంటనే రెండుసార్లు వాడవద్దు. డబ్బా మీద పేరు మారినంత మాత్రాన వర్గం మారదు, లోపలి మందు పేరు చదవండి. మొక్క నమూనాతో రాజేంద్రనగర్‌లోని వ్యవసాయ విశ్వవిద్యాలయానికి వెళితే అది ఏ నల్లి అన్నది చూసి చెప్పేవారు ఉంటారు, మీకు దూరం కూడా కాదు.

ప్రశ్న: చేదు కీర దోసకు నల్లి పట్టదని అంటారు. నిజమేనా? అయితే మిద్దె మీద వేసుకోవడానికి నల్లి తట్టుకునే రకం ఏదైనా చెప్పండి.
– ఒక పాఠకుడు, అత్తాపూర్

జవాబు: సగం నిజం. కీర దోసలో చేదును నిర్ణయించే ఒక జన్యువు ఉంది. ఆ జన్యువు పనిచేసి ఆకుల్లో చేదు ఉన్న మొక్కలను నల్లి తక్కువగా పట్టిందని, అయితే అదే చేదు అమెరికాలోని దోస పెంకు పురుగులను పిలిచిందని 1971లో సైన్స్ పత్రికలో ప్రచురించారు. ఒక శత్రువును తరిమే గుణం మరో శత్రువుకు ఆహ్వానమైంది. ఆ సగం నిజం కూడా శాశ్వతం కాదు: నల్లిని తట్టుకునే కీర దోస మీద నల్లుల సంతతిని కొన్ని తరాలు పెంచితే అవి ఆ మొక్కకు త్వరగా అలవాటుపడ్డాయని 1979లో ఎవల్యూషన్ పత్రికలో వచ్చింది.

అందుకని ఒక రకం పేరు చెప్పి, నల్లి రాదని మీకు హామీ ఇవ్వడం నాకు ఇష్టం లేదు. నల్లిని తట్టుకుంటుందని ఏ రకం గురించి ఎవరు చెప్పినా, ఎన్ని చోట్ల నుంచి తెచ్చిన నల్లులతో దాన్ని పరీక్షించారని అడగండి. ఒక్క చోటి నల్లితోనే పరీక్షించి ఉంటే ఆ హామీ ఆ నల్లి వరకే చెల్లుతుంది. మీ మిద్దెకు నేను చెప్పగలిగినది, ఒకే రకం పది కుండీల్లో కాకుండా రెండు మూడు రకాలు కలిపి వేయడం, కొత్తగా కొన్న ప్రతి మొక్కనూ రెండు వారాలపాటు వేరే మూల ఉంచి, ఆకు అడుగు చూసిన తరువాతే మిగతా కుండీల మధ్యకు తేవడం.